ఓపియాయిడ్ చికిత్స బిల్లింగ్, రోగుల ఉద్యోగాలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో కూర్చుని అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి బిల్లింగ్ కోడ్లు వేసే మెడికల్ కోడర్లకు రేడియాలజీ, ఎమర్జెన్సీ విభాగాలు అలవాటైనంతగా ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందుల) వ్యసన చికిత్స అలవాటు కాదు. ఈ విభాగంలో 2020 నుంచి నియమాలు వరుసగా మారుతూ వచ్చినా, శిక్షణ నోట్సు మాత్రం చాలా చోట్ల పాతవే చేతులు మారుతున్నాయి. ఇక్కడ జరిగే పొరపాటు డినయల్‌తో, అంటే బీమా సంస్థ బిల్లును తిరస్కరించడంతో, ఆగదు. మనం వేసిన డయాగ్నసిస్ కోడు రోగి రికార్డులో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. కోలుకుని తిరిగి పనిలో చేరాలనుకునే మనిషికి ఆ రికార్డు సరిగ్గా ఉండటం ఎంత అవసరమో ఈ విభాగంలో పనిచేసేవారిగా మనం మరువకూడదు.

అపోహ: వ్యసన చికిత్సగా మెథడోన్ అనే మందు తీసుకుంటున్న రోగికి, ఓపియాయిడ్ నొప్పి మందుల దీర్ఘకాలిక వాడకాన్ని సూచించే జెడ్79.891 వేస్తే చాలు.

వాస్తవం: ఆ కోడు నొప్పి కోసం డాక్టరు రాసిన మందును చాలాకాలంగా వాడుతున్నవారిది. వ్యసన చికిత్సలో భాగంగా, మందు మానేసినప్పుడు వచ్చే బాధలు రాకుండా ఇచ్చే మెథడోన్‌కు జెడ్79 వర్గం వర్తించదని ఐసీడీ-10-సీఎం (అమెరికాలో వాడే డయాగ్నసిస్ కోడ్ల వ్యవస్థ) మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అక్కడ ఓపియాయిడ్ వ్యసనాన్ని తెలిపే ఎఫ్11 వర్గంలోని కోడే రావాలి. డాక్టరు వ్యసన తీవ్రతను స్వల్పం అని రాస్తే ఎఫ్11.10, మధ్యస్థం లేదా తీవ్రం అని రాస్తే ఎఫ్11.20 వస్తాయి. తీవ్రత రాయకపోతే ఊహించి వేయకుండా డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపాలి. రోగి నెలల తరబడి నిలకడగా ఉన్నాడని చార్టులో కనిపించినంత మాత్రాన కోడరే ఎఫ్11.21, అంటే ఉపశమన దశ కోడు, వేయడానికి వీల్లేదు; అది డాక్టరు తన వైద్య నిర్ణయంగా రాయవలసిన మాట.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా బాధాకరమైనది. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులోనే మందు వేసుకుంటున్న రోగికి, డాక్టరు ఎక్కడా రాయకపోయినా, మందు పేరు చూసి ఎఫ్11.20 తగిలించడం జరుగుతూనే ఉంది. వ్యసనం లేని మనిషిని వ్యసనపరుడిగా ముద్ర వేసే అధికారం మనకెవరూ ఇవ్వలేదు.

అపోహ: రోగి వారంలో ఆరు రోజులు క్లినిక్‌కు వచ్చి మందు తాగితే ఆరు సార్లు బిల్లు చేయాలి.

వాస్తవం: 2018లో వచ్చిన సపోర్ట్ చట్టం ప్రకారం 2020 జనవరి 1 నుంచి ఓపియాయిడ్ చికిత్సా కేంద్రాల సేవలకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లోని పార్ట్ బి చెల్లిస్తోంది. ఆ చెల్లింపు వారానికి ఒక మూట. మెథడోన్ అయితే బిల్లింగ్ కోడు జీ2067, ఇదే వ్యసనానికి నోటి ద్వారా ఇచ్చే మరో మందు బ్యుప్రెనార్ఫిన్ అయితే జీ2068. మందు, దానిని అందించడం, కౌన్సెలింగ్, థెరపీ, మూత్ర పరీక్షల వంటివన్నీ అందులోనే ఉంటాయి. ఇంటికిచ్చే అదనపు మెథడోన్‌కు జీ2078, అదనపు ప్రతి 30 నిమిషాల కౌన్సెలింగ్‌కు జీ2080 విడిగా కలుస్తాయి. సేవ జరిగిన చోటును తెలిపే కోడు 58. కేంద్రంలో కాకుండా మామూలు డాక్టరు కార్యాలయంలో చికిత్స జరిగితే లెక్క నెలవారీగా మారుతుంది. మొదటి నెలకు జీ2086 వేయాలంటే కనీసం 70 నిమిషాల సేవ చార్టులో కనబడాలి. మెడికేర్‌లో నమోదైన కేంద్రంలో ఈ సేవలకు రోగి కోపే (సేవ ఖర్చులో తన వాటా) కట్టనక్కరలేదు, అయితే పార్ట్ బి డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు రోగి భరించే మొత్తం) మాత్రం వర్తిస్తుంది.

ఇంటికిచ్చే మందు కోడును చిన్న విషయంగా చూసేవారున్నారు. 2024లో అమల్లోకి వచ్చిన సమాఖ్య నియమాల ప్రకారం, చికిత్స మొదలైన 31వ రోజు నుంచి, తగినవాడని వైద్యుడు భావించిన రోగికి 28 రోజుల మెథడోన్ వరకు ఇంటికి ఇవ్వవచ్చు. రోజూ ఉదయాన్నే క్లినిక్ వరుసలో నిలబడవలసిన మనిషి ఏ ఫ్యాక్టరీ షిఫ్టుకు సమయానికి వెళ్లగలడు? ఆ డోసుల బిల్లు మన వైపు నుంచి తప్పుల్లేకుండా వెళ్లడం, అతని ఉద్యోగం నిలవడం ఒకదానికొకటి దూరమైన సంగతులు కావు.

అపోహ: బ్యుప్రెనార్ఫిన్ రాసే డాక్టరుకు ఎక్స్-వేవర్ అనే ప్రత్యేక అనుమతి ఉండాలి.

వాస్తవం: 2022 డిసెంబరు చివర్లో వచ్చిన చట్టంతో ఆ నిబంధన రద్దయింది. బ్యుప్రెనార్ఫిన్ చేరే షెడ్యూల్ 3 నియంత్రిత మందులు రాసేందుకు డీఈఏ (అమెరికా మాదకద్రవ్య నియంత్రణ సంస్థ) నమోదు ఉంటే చాలు. వ్యసనానికి మెథడోన్ ఇవ్వడం మాత్రం ఇప్పటికీ ధ్రువీకరణ పొందిన చికిత్సా కేంద్రాల పనే.

అపోహ: రోగి సమాచార గోప్యతకు సంబంధించిన అమెరికా చట్టం హిపా పాటిస్తే గోప్యత విషయంలో ఇంకేమీ చూడనక్కరలేదు.

వాస్తవం: వ్యసన చికిత్సా కార్యక్రమాల రికార్డులకు 42 సీఎఫ్ఆర్ పార్ట్ 2 అనే మరింత కఠినమైన నియమావళి ఉంది, ఆ రికార్డులు చూసే బిల్లింగ్ కాంట్రాక్టర్లకూ అది వర్తిస్తుంది. 2024లో దానిని సవరించి చికిత్స, చెల్లింపు, నిర్వహణ అవసరాలన్నిటికీ రోగి ఒకే సమ్మతి ఇచ్చే వీలు కల్పించారు. ఇందుకు అనుగుణంగా మారడానికి గడువుగా 2026 ఫిబ్రవరి 16ను నిర్ణయించారు. రోగి సమ్మతి గానీ కోర్టు ఉత్తర్వు గానీ లేకుండా ఈ రికార్డులను రోగికి వ్యతిరేకంగా న్యాయ విచారణలో వాడకూడదన్న రక్షణ సవరణ తరువాత కూడా కొనసాగుతోంది.

అపోహ: మెథడోన్ మీద ఉన్నవారిని ఉద్యోగంలోకి తీసుకోకపోవడం యజమాని హక్కు.

వాస్తవం: డాక్టరు పర్యవేక్షణలో వ్యసనానికి మందు తీసుకుంటున్న వ్యక్తికి వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ రక్షణ ఇస్తుందని, ప్రస్తుతం చట్టవిరుద్ధంగా మాదకద్రవ్యాలు వాడుతున్నవారికి ఆ రక్షణ లేదని అమెరికా న్యాయశాఖ 2022 ఏప్రిల్ మార్గదర్శకంలో వివరించింది. ఏడీఏలోని ఉద్యోగ నిబంధనలు 15 మంది, ఆపై ఉద్యోగులున్న సంస్థలకు వర్తిస్తాయి. పని భద్రతకు నిజమైన ప్రమాదం ఉన్నప్పుడు, లేదా మరో సమాఖ్య చట్టం అడ్డుపడినప్పుడు తప్ప, కేవలం మందు పేరు చూసి తిరస్కరించడం కుదరదు. అర్హత ఉన్న ఉద్యోగి చికిత్స కోసం ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద 12 వారాల వరకు జీతం లేని సెలవు తీసుకోవచ్చు. మాదకద్రవ్యం వాడటం వల్ల పనికి హాజరు కాని రోజులు ఆ లెక్కలోకి రావు.

అపోహ: ఉద్యోగ సహాయం చికిత్సలో భాగం కాదు కాబట్టి కోడర్‌కు సంబంధం లేదు.

వాస్తవం: చికిత్సా కేంద్రాలు వైద్యం, కౌన్సెలింగ్‌తో పాటు వృత్తిపరమైన సేవలు కూడా అందించాలని సమాఖ్య నియమాలే చెబుతున్నాయి. రోగి అవసరాలకు తగిన స్థానిక సహాయ సంస్థలకు అనుసంధానించడానికి జీ0534, దారి చూపే సేవలకు జీ0535, కోలుకున్న సహచరుల తోడ్పాటుకు జీ0536 అనే కోడ్లను మెడికేర్ 2025 జనవరిలో ప్రవేశపెట్టింది. నిరుద్యోగాన్ని తెలిపే జెడ్56.0ను డాక్టరు నోట్సు నుంచే తీయాలన్న నియమం లేదు. సోషల్ వర్కరు, కేస్ మేనేజరు, నర్సు రాసిన నోట్సు ఆధారంగానూ వేయవచ్చు. చార్టు చివర ఉందని ఆ పేజీ తెరవకుండా వదిలేస్తే, ఆ రోగికి పని లేదన్న సంగతి క్లెయింలో ఎక్కడా కనిపించదు.

చికిత్సా కేంద్రం నుంచి రోగిని పంపే చోట్లలో ముఖ్యమైనవి అమెరికన్ జాబ్ సెంటర్లు. ఉద్యోగ వెతుకులాటలో సహాయం, శిక్షణ సమాచారం అక్కడ ఉచితంగా దొరుకుతాయి. వ్యసనం నుంచి కోలుకుంటున్నవారిని నమ్మడానికి యజమాని వెనుకాడితే, 1966 నుంచి నడుస్తున్న ఫెడరల్ బాండింగ్ కార్యక్రమం ఉంది: ఉద్యోగి వల్ల దొంగతనం, మోసం వంటి నష్టం జరిగితే భర్తీ చేసేలా మొదటి ఆరు నెలలకు సాధారణంగా 5,000 డాలర్ల బాండు ఇస్తారు. దానికి ఉద్యోగి గానీ యజమాని గానీ పైసా చెల్లించనక్కరలేదు.