సినిమా మ్యూజియాల గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: వెనిగర్ వాసన వస్తున్న రీలును డబ్బాలో గట్టిగా మూసిపెడితే చాలు.

వాస్తవం: అదే దాన్ని త్వరగా చంపుతుంది. ఆ వాసన అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్లుతూ వదిలే ఎసిటిక్ ఆమ్లానిది. బయటికి పోయే దారి లేకపోతే ఆ ఆమ్లమే కుళ్లును ఇంకా పెంచుతుంది. ముందు ఆ డబ్బాను మిగతావాటి నుంచి వేరు చేయాలి. తర్వాత ఏ-డీ స్ట్రిప్ అనే నీలం కాగితపు ముక్కను రీలుతోపాటు ఒక రోజు మూసి ఉంచి చూడాలి. నీలంగానే ఉంటే రీలు బాగున్నట్టు. ఆకుపచ్చకు, పసుపుకు తిరిగేకొద్దీ ఆమ్లం ముదిరినట్టు. స్ట్రిప్ రంగును పోల్చిచూసే రంగుల పట్టీలో 1.5 స్థాయి దాటితే కుళ్లు పరుగు అందుకుంటుంది, ఇక కాపీ తీయడం వాయిదా వేయకూడదు.

చల్లని గది కుళ్లును నెమ్మదింపజేస్తుంది, నయం చేయదు. అక్కడి నుంచి తెచ్చిన డబ్బాను మామూలు గది వేడికి వచ్చేదాకా తెరవొద్దు. తొందరపడితే ఫిల్ము మీద తేమ పడుతుంది.

ఇక "ఒక్కసారి ఆడించి చూద్దాం" అనే సరదా. రీలు ఒక శాతం దాకా కుంచించుకుపోయి ఉంటే ప్రొజెక్టర్ పళ్లకు అంచు రంధ్రాలు అందవు, వరసగా చిరిగిపోతాయి. చేత్తో తిప్పే రీవైండర్ మీద జాయింట్లు, రంధ్రాలు చూశాకే ఏ నిర్ణయమైనా.

అపోహ: పాత రీళ్లన్నీ భగ్గున మండేవే.

వాస్తవం: మండేవి నైట్రేట్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన రీళ్లు. కొడాక్ వాటి తయారీని 1950ల మొదట్లోనే ఆపేసింది. మండేటప్పుడు ఆక్సిజన్ వాటిలోంచే పుడుతుంది కాబట్టి నీళ్లలో ముంచినా ఆరవు. అందుకే వాటికి విడిగా గదులు కడతారు. పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌లో 2003లో కాలిపోయినవీ ఇవే.

అపోహ: స్కాన్ చేశాక రీలుతో పని లేదు.

వాస్తవం: 4కె (అడ్డంగా దాదాపు నాలుగు వేల చుక్కల) స్కాన్‌లో ఒక్కో ఫ్రేము దాదాపు 50 మెగాబైట్లు. రెండున్నర గంటల సినిమాకు 2,16,000 ఫ్రేములు, అంటే పది టెరాబైట్ల పైమాటే. దాన్ని ఎల్‌టీఓ అనే కంప్యూటర్ డేటా టేపుల్లో దాస్తారు. వాటిని చదివే యంత్రాలు (డ్రైవులు) తరాలుగా మారుతుంటాయి, ఎనిమిదో తరం డ్రైవు ఆరో తరం టేపును చదవలేదు! కొన్నేళ్లకోసారి మొత్తం డేటాను కొత్త టేపుల్లోకి మార్చే ఖర్చు ఎవరి పద్దులో ఉందో ముందే తేలాలి. అదే పాలియెస్టర్ అనే ప్లాస్టిక్ ఫిల్ము మీద తీసిన కాపీకైతే చల్లటి, పొడి గది ఉంటే చాలు.

అపోహ: గులాబీ రంగుకు తిరిగిన ప్రింటును కంప్యూటర్ యథాతథంగా తెస్తుంది.

వాస్తవం: ఫిల్ములోని సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు చెరిగిపోయిన చోట మిగిలేది ఊహే. ప్రింట్లు తీసిన అసలు ఫిల్మును, అంటే నెగటివ్‌ను, వెతకాలి.

అపోహ: సినిమా పోతే మ్యూజియంలో చూపించడానికేమీ ఉండదు.

వాస్తవం: 'ఆలం ఆరా' (1931) ప్రింటు దొరకలేదు, దాని గురించి మనకు తెలిసినది ఫోటోలు, ప్రకటనల పుణ్యమే. మన అటకల మీది పాటల పుస్తకాలూ అలాంటివే: కథాసంగ్రహం, తారాగణం, పాటల సాహిత్యం వాటిలో ఉంటాయి. లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేపు అసలే వద్దు. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసేయండి. మ్యూజియానికి ఇచ్చేటప్పుడు ఏ ఊరిలో, ఎవరి దగ్గర దొరికిందో విడి కాగితం మీద పెన్సిల్‌తో రాసి జతచేయండి.