నైసియా సభలో బైబిలు తయారైందా? సంఘ చరిత్రపై అపోహలు – వాస్తవాలు

నేను సంఘ చరిత్ర బోధిస్తాను. ఏటా తరగతులు మొదలైన తొలి వారంలోనే ఎవరో ఒకరు, "క్రీ.శ. 325లో నైసియా సభలో ఓట్లు వేసి బైబిలు పుస్తకాలను ఎంపిక చేశారట, నిజమేనా?" అని అడుగుతారు. విశ్వాసులు అడిగినా, కానివారు అడిగినా నా జవాబు ఒక్కటే: ముందు బిషప్పులు కూడిన ఆ సభ రాసిపెట్టిన మాటలు చదవండి.

అపోహ: నైసియా సభే బైబిలును కూర్చింది, యేసును దేవుణ్ణి చేసింది.

వాస్తవం: ఆ సభ నుంచి మనకు దక్కినవి ఒక విశ్వాస ప్రమాణం, 20 నియమాలు, అలెగ్జాండ్రియా సంఘానికి రాసిన ఒక లేఖ. హింసకు భయపడి విశ్వాసం వదిలినవారిని మళ్లీ ఎలా చేర్చుకోవాలి, బిషప్పు ఒక పట్టణం వదిలి మరో పట్టణానికి మారవచ్చా, వడ్డీ వ్యాపారం చేసే సంఘ సేవకుణ్ణి ఏం చేయాలి వంటి విషయాలు ఆ నియమాల్లో ఉన్నాయి గాని, బైబిల్లో ఏ పుస్తకం ఉండాలన్న ప్రస్తావన వాటిలో ఎక్కడా లేదు. కొత్త నిబంధనలోని 27 పుస్తకాలను నేడు మన చేతిలో ఉన్నట్టే పేర్కొన్న తొలి పట్టిక 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన ఈస్టరు పండుగ లేఖలో కనిపిస్తుంది. ఆయన కూడా వాటిని పూర్వులు అప్పగించినవిగానే చెప్పాడు. పుస్తకాలన్నీ బలిపీఠం దగ్గర పెడితే అసలైనవి పైన నిలిచి, కల్లవి కింద మిగిలాయన్న కథ, సభ ముగిసిన 500 ఏళ్ల తరువాతి గ్రీకు సంకలనం ఒకదానిలో ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి రచయిత వోల్టేర్ దానికి విస్తృత ప్రచారం కల్పించాడు.

యేసు దైవత్వం సంగతికొస్తే, కుమారుడు (యేసు) యుగాలకు ముందే ఉన్నాడని, ఆ సభ ఖండించిన అలెగ్జాండ్రియా బోధకుడు ఏరియస్ సైతం ఒప్పుకున్నాడు. ఆ కుమారుడు ఆది లేనివాడా, తండ్రితో ఏక స్వభావం గలవాడా అన్నదే వివాదం. సుమారు 112లో బితూనియ ప్రాంతాన్ని (నేటి టర్కీలోనిది) ఏలిన రోమా అధికారి ప్లినీ, క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవుడన్నట్టు కీర్తిస్తూ పాట పాడతారని ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. నైసియా ఉన్నది ఆ బితూనియలోనే. సభకు 200 ఏళ్లకు పైగా ముందు, సంఘానికి బయటివాడు, పైగా వారిని శిక్షిస్తున్న అధికారి రాసిన ఈ సాక్ష్యం కంటే బలమైనది నాకు కనబడదు.

అపోహ: కాన్‌స్టంటైన్ క్రైస్తవాన్ని రాజ్యమతం చేశాడు.

వాస్తవం: 313లో రోమా చక్రవర్తులైన ఆయన, లిసీనియస్ కలిసి అన్ని మతాలవారికీ ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చారు. రాజ్యమతంగా శాసించినది 380లో థియోడోసియస్ చక్రవర్తి. అప్పటికి కాన్‌స్టంటైన్ చనిపోయి 43 ఏళ్లు.

అపోహ: తొలి 300 ఏళ్లూ ఎడతెగని హింసే, విశ్వాసులు భూగర్భ సమాధుల్లో దాక్కుని బ్రతికారు.

వాస్తవం: రోము నగరపు భూగర్భ సమాధులు శ్మశానాలే తప్ప రహస్య నివాసాలు కావు. హింస నిజమే, హతసాక్షుల రక్తమూ నిజమే; అయితే అది ఒక్కో కాలంలో, ఒక్కో ప్రాంతంలో చెలరేగి చల్లారేది. సామ్రాజ్యమంతటా దేవతలకు బలులు అర్పించాలన్న ఆజ్ఞ మొదట 249–250లో డెసియస్ చక్రవర్తి కాలంలో వెలువడింది. బలి ఇచ్చినట్టు అధికారులు ధ్రువీకరించిన పపైరస్ పత్రాలు ఈజిప్టులో 40కి పైగా దొరికాయి. వాటిలో ఒకటి ఔరేలియస్ డియోజెనీస్ అనే 72 ఏళ్ల గ్రామస్థుడిది. కుడి కనుబొమ్మపై మచ్చ ఉందని గుర్తు రాసి, "నేను ఎల్లప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూ వచ్చాను, ఇప్పుడు మీ ఎదుట కూడా అర్పించాను" అని విన్నవించుకున్నాడు. అతడు క్రైస్తవుడని ఆ పత్రం చెప్పదు. ఆజ్ఞ అందరికీ వర్తించింది. బలి ఇవ్వకుండానే డబ్బిచ్చి ఇలాంటి పత్రం సంపాదించుకున్న విశ్వాసులూ ఉన్నారు. హింస తగ్గాక వారిని తిరిగి చేర్చుకోవాలా వద్దా అన్నది ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి బిషప్పు సిప్రియన్‌కు తలకు మించిన సమస్య అయింది. ధీరుల గాథలే చదివి ఈ భయస్థులను వదిలేస్తే ఆనాటి సంఘం మనకు సగమే తెలిసినట్టు.

అపోహ: 1054లో తూర్పు (ఆర్థడాక్స్), పడమటి (రోమన్ కాథలిక్) సంఘాలు ఒక్కరోజులో విడిపోయాయి.

వాస్తవం: ఆ ఏడాది జూలై 16న కార్డినల్ హంబర్ట్ తూర్పు సంఘపు ప్రధాన ఆలయమైన హగియా సోఫియా బలిపీఠంపై ఉంచిన బహిష్కరణ పత్రం పేరుపేరునా కొందరికి, వారి అనుచరులకు ఉద్దేశించినది. ఆయనను పంపిన పోపు 9వ లియో ఏప్రిల్‌లోనే మరణించాడు. అసలు గాయం 1204లో పడమటి క్రూసేడు (మతయుద్ధ) సైనికులు తూర్పు సంఘపు కేంద్రమైన కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకున్నప్పుడు తగిలిందని నా అభిప్రాయం.

అపోహ: క్రైస్తవం మన దేశానికి తెల్లదొరలతో వచ్చింది.

వాస్తవం: తెలుగునాట సంఘాలు ఎక్కువగా 18, 19 శతాబ్దాల మిషనరీల కృషితో ఏర్పడినవి గనుక, మనకు ఈ భ్రమ సహజంగానే కలుగుతుంది. తోమా అపొస్తలుని రాకను గూర్చిన సంప్రదాయాన్ని కాసేపు పక్కన పెట్టినా, 6వ శతాబ్దపు గ్రీకు వర్తకుడు కాస్మాస్ మలబారులో క్రైస్తవులున్నారని రాశాడు. వాస్కో డ గామా రాకకు దాదాపు 650 ఏళ్ల ముందు, 849లో, దక్షిణ కేరళలోని వేణాడు పాలకుడు కొల్లంలోని తరిసా చర్చికి హక్కులిచ్చిన రాగి శాసనాలు నేటికీ కేరళలో భద్రంగా ఉన్నాయి. వాటి చివర సాక్షులు అరబ్బీ, పహ్లవీ (ప్రాచీన పారశీక), హీబ్రూ లిపుల్లో చేసిన సంతకాలున్నాయి.