ముందు గాలి తియ్యండి

మొదటిసారి పెన్నా ఇసుకలోకి కారు దింపిన రోజు ముప్పై అడుగులు కూడా పోకుండానే దిగబడింది. టెన్షన్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. ముందు చక్రాలు గిర్రున తిరిగి ఇసుకను చిమ్మాయి, కారు పొట్ట నేలకు ఆనింది. గట్టున ట్రాక్టర్ ఆపిన పెద్దాయన దిగొచ్చి, "తొక్కబాకండి సార్, తొక్కేకొద్దీ గుంత పడతాది. ముందు గాలి తియ్యండి" అన్నారు.

పొట్ట కింద, చక్రాల వెనక ఇసుకను ఆయన పారతో లాగేశాం. నాలుగు టైర్లలో దాదాపు సగం గాలి తీసి, వచ్చిన జాడలోనే రివర్స్‌లో మెల్లగా క్లచ్ వదిలాను. కారు బయటికొచ్చేసింది!

లెక్క చూస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. మనుషులతో కలిపి 1,200 కిలోల కారైతే ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోలు. టైరులో 32 పీఎస్‌ఐ గాలి ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.25 కిలోల ఒత్తిడి ఉంటే, నేలకు ఆనేది 130 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. వేళ్లు కలిపి పరిచిన చేయంత! గాలి 16కు తగ్గిస్తే ఆ జాగా ఇంచుమించు రెట్టింపవుతుంది. టైరు వెడల్పు పెద్దగా మారదు, జాడ పొడవు పెరుగుతుంది. ఇసుక మీద ఒత్తిడి తగ్గి చక్రం తక్కువ లోతుకు దిగుతుంది. లోతుగా దిగితే అడుగడుగునా తన ముందున్న ఇసుక గట్టునే ఎక్కాల్సి వస్తుంది, ఇంజిన్ బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది.

బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ 1930 ప్రాంతంలో లిబియా ఎడారిలో నడిపినవి ఫోర్డ్ మోడల్ ఎ కార్లు. ఇంజిన్ బలం వెనక చక్రాలకు మాత్రమే వెళ్లేది. టైర్లలో గాలి తగ్గించి, దిగబడిన చోట చక్రాల కింద ఇనుప పట్టాలు పరిచి ఇసుక తిన్నెలు దాటించారు. ఇసుక మీద తర్వాత ప్రయోగాలు చేసి 1941లో ఆయన వేసిన పుస్తకాన్ని శాస్త్రవేత్తలు ఇప్పటికీ తిరగేస్తారు. అందుకే కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్తాను, పెద్ద టైర్లకు లక్షలు పెట్టకముందే ఒక గాలి గేజు, 12 వోల్టుల పంపు, పార, గట్టి తాడు కొనుక్కోండి. ఇంజిన్ బలాన్ని కుడి, ఎడమ చక్రాలకు పంచే గేర్ల అమరికను డిఫరెన్షియల్ అంటారు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తోపుడు బలమే ఇస్తుంది. ఒక చక్రానికి పట్టు దొరక్కపోతే అదొక్కటే తిరుగుతుంది, పట్టున్న రెండోదానికీ బలం అందదు. మామూలు ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లలోనూ ఈ చిక్కు ఉంటుంది.

పొద్దున్నే వెళ్లండి. పిల్లలు పిచ్చుక గూళ్లు కట్టేది తడి ఇసుకతోనే కదా. రేణువుల మధ్య పలచటి నీటి పొర వాటిని పట్టి ఉంచుతుంది. మంచుకు తడిసిన ఇసుక మధ్యాహ్నపు పొడి ఇసుక కంటే గట్టిగా నిలుస్తుంది. సముద్రపు ఒడ్డుకు మాత్రం వద్దు, మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ ఇసుకలోనే గుడ్లు పెడతాయి.

నల్లరేగడి సంగతి వేరు. ఆ బంకమట్టి నీరు తాగి ఉబ్బుతుంది, టైరు గాడుల్లో నిండి చక్రాన్ని నున్నగా చేసేస్తుంది. వాన పడ్డాక ఆ బాటకు పోకపోవడమే మంచిది.

లెక్క కోసం 16 అన్నాను గానీ, ఇసుకలోనైనా మొదట్లో 18 పీఎస్‌ఐ కంటే కిందికి దించకండి, గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. తారు రోడ్డు మీద వేగం అందుకునే ముందు మళ్లీ గాలి పట్టాలి. గాలి తక్కువైన టైరు తిరిగేకొద్దీ పక్కలు మడతపడి వేడెక్కుతాయి, వేగంగా వెళ్తే పేలిపోవచ్చు. ఆ రోజు నా దగ్గర పంపు లేదు. ఊళ్లో పంక్చర్ షాపు దాకా పెద్దాయన ట్రాక్టర్ వెనకే ఇరవై స్పీడులో వెళ్లాను.