రైఫిల్ బ్యారెల్‌కి మళ్లీ ఛాంబర్ కోయించాలా, మార్చేయాలా? అపోహలు - వాస్తవాలు

"ఛాంబర్ ఒక్కటి కొత్తగా కోసిపెట్టండి, గురి మళ్లీ కుదురుతుంది." ఛాంబర్ అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు. తుపాకులు బాగుచేసే నాకు ఈ మాట వినకుండా నెల గడవదు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. చేతికి అలవాటైన రైఫిల్ ఉన్నట్టుండి గురి తప్పితే ఎవరికైనా టెన్షనే. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లకు సగం తెలిసి సలహాలిచ్చేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: రీఛాంబర్ చేస్తే అరిగిన బ్యారెల్ కొత్తదవుతుంది, పైగా చవక.

రీమర్ (ఛాంబర్ కోసే పనిముట్టు) ఉక్కును తీసేస్తుందే తప్ప తిరిగి పెట్టలేదు. బ్యారెల్ ముందుగా దెబ్బతినేది థ్రోట్ దగ్గర, అంటే ఛాంబర్ ముగిసి రైఫ్లింగ్ (లోపలి మెలితిరిగిన గాడులు) మొదలయ్యే చోట. మందు కాలే వేడికి అక్కడి ఉక్కు ఎండిన చెరువులా బీటలు వారుతుంది, రైఫ్లింగ్ అంచులు అరిగిపోతాయి. బోర్‌స్కోప్ (బోర్, అంటే బ్యారెల్ రంధ్రం, లోపల చూసే పరికరం) పెట్టి చూస్తే ఆ బీటలు థ్రోట్ దగ్గర దట్టంగా ఉండి, ముందుకెళ్లేకొద్దీ పలచబడుతూ కొన్ని అంగుళాల దాకా సాగుతాయి. వెనక నుంచి ఓ అంగుళం కోసి, అదే కాట్రిడ్జ్‌కి (తూటా రకానికి) మళ్లీ ఛాంబర్ వేస్తే కొత్త థ్రోట్ పడేది ఎక్కడ? అప్పటికే కొంత బీటలు వారిన చోటే. కొన్నాళ్లు బాగానే కొడుతుంది. కొత్త బ్యారెల్ అంత కాలం మాత్రం నిలవదు.

ఇక ఖర్చు. బోర్ వంకర లేకుండా లేత్ మీద బిగించాలి, మరలు కోయాలి, రీమర్ వేయాలి, హెడ్‌స్పేస్ (తూటాను వెనక నుంచి మూసే బోల్ట్ ముఖానికీ, ఛాంబర్‌లో తూటా ఆనే చోటికీ మధ్య దూరం) గేజ్‌లతో సరిచూడాలి. పాత బ్యారెల్‌కైనా కొత్తదానికైనా ఈ కూలి దాదాపు ఒకటే. మీకు ఆదా అయ్యేది కొత్త బ్యారెల్ ధర ఒక్కటే. పైగా బ్యారెల్ వెనక్కి జరిగితే దాని లావుసన్నాలూ జరుగుతాయి కాబట్టి స్టాక్‌లో (రైఫిల్ పట్టుకునే పిడిలో) బ్యారెల్ కూర్చునే గాడిని కూడా సరిచేయాల్సి రావచ్చు. సెమీ ఆటోలో (గ్యాస్‌తో తానే మళ్లీ తూటా ఎక్కించుకునే రైఫిల్‌లో) అయితే ఆ గ్యాస్ వచ్చే రంధ్రం చోటు తప్పుతుంది, ఆ ఆలోచనే వద్దు.

నేను పనిలోకి వచ్చిన కొత్తల్లో ఒకాయన 243 కాట్రిడ్జ్ రైఫిల్ తెచ్చారు. అడిగినట్టే అంగుళం కోసి ఛాంబర్ వేసిచ్చాను. మొదటిరోజు గ్రూపు (టార్గెట్ మీద గుళ్లు పడిన గుంపు) చూసి ఇద్దరం సంబరపడ్డాం. ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చారు, గ్రూపు విచ్చుకుపోయింది. చివరికి కొత్త బ్యారెల్ వేశాం. కూలి ఆయన రెండుసార్లు కట్టారు, అది నాకిప్పటికీ బాధే. బోర్‌స్కోప్‌లో కనబడేది యజమానికి చూపించనిదే ఇప్పుడు నేను రంపం పట్టను.

అపోహ: గ్రూపు పెద్దదైందంటే బ్యారెల్ పోయినట్టే.

తొందరపడకండి. ముందు స్కోప్ మౌంట్ స్క్రూలు, స్టాక్ స్క్రూలు చూడండి. తర్వాత బుల్లెట్లు వదిలిన రాగి పూర్తిగా పోయేదాకా బోర్ శుభ్రం చేయండి. ఆ తర్వాత మూతి దగ్గర క్రౌన్ (బుల్లెట్ బయటికొచ్చే అంచు) మీద గంటు ఉందేమో చూడండి. క్రౌన్ మళ్లీ కోయడం చిన్న పని. బ్యారెల్ చచ్చిపోయిందని దిగులుగా తెచ్చినవాళ్లలో కొందరు ఇంతటితోనే సంతోషంగా వెళ్లారు.

అపోహ: బుల్లెట్ సైజు ఒకటే అయితే ఏ పెద్ద కాట్రిడ్జ్‌కైనా కోసుకోవచ్చు.

కొత్త ఛాంబర్ పాతదాన్ని అన్ని వైపులా మింగేయాలి. 308, 30-06 అనే రెండు కాట్రిడ్జ్‌ల బుల్లెట్ సైజు ఒకటే, 30-06 కేసు (ఇత్తడి తొడుగు) పొడవు కూడా ఎక్కువే. కానీ 308 భుజం (కేసు మెడ వైపు సన్నబడే చోటు) దగ్గర వ్యాసం సుమారు 0.454 అంగుళాలు, 30-06 కేసు అదే చోట సుమారు 0.447. అంటే పాత ఛాంబర్ భుజం చెరిగిపోదు. పేల్చిన కేసు చుట్టూ ఉబ్బిన ఉంగరంలా కనిపిస్తుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. 308 కోసం చేసిన పొట్టి యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) 30-06 పట్టదన్నది వేరే సంగతి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రీఛాంబర్‌తో ట్విస్ట్ (రైఫ్లింగ్ మెలిక) మారదు, 10 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న 243 ఆ తర్వాత కూడా పొడవాటి బరువు బుల్లెట్లను నిలకడగా పంపదు. మ్యాగ్నమ్‌కి (ఎక్కువ శక్తి ఉన్న లావు కాట్రిడ్జ్‌కి) వెళ్లాలంటే బోల్ట్ ఫేస్, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును లాగే కొక్కెం), మ్యాగజైన్ అన్నీ మార్చాలి, యాక్షన్ ఆ ప్రెషర్‌కి తగినదై ఉండాలి. క్రోమ్ పూత ఉన్న బోర్ మామూలు రీమర్‌ని పాడుచేస్తుంది.

మరి రీఛాంబర్ ఎప్పుడు సరైనది? బోర్ బాగుండి, ఛాంబర్ ఒక్కటే లోపంతో ఉన్నప్పుడు: ఫ్యాక్టరీలో గరుకుగా కోశారు, లేదా హెడ్‌స్పేస్ ఎక్కువగా ఉంది. మీ కాట్రిడ్జ్ దొరకడం మానేసి, దాన్ని పూర్తిగా మింగే మరో ఛాంబర్ ఉన్నా సరే. అలాంటప్పుడు నేనే చేయించుకోమంటాను.

ఛాంబర్ మార్చితే బ్యారెల్ మీది పాత పేరు కొట్టేయించి, కొత్త కాట్రిడ్జ్ పేరు చెక్కించండి. లైసెన్స్‌లో రాసిన క్యాలిబర్ కూడా మార్పించండి. రేపు ఆ రైఫిల్ మరొకరి చేతికి వెళ్తే, వాళ్లు చూసి తూటా పెట్టేది ఆ అక్షరాలనే.