న్యూట్రాన్ నక్షత్రపు పటలం ఉక్కుకన్నా గట్టిదే, కానీ దేనితో పోల్చి?

భారీ నక్షత్రం పేలిపోయాక మిగిలే అతిసాంద్ర గోళాలైన న్యూట్రాన్ నక్షత్రాల పైపటలాన్ని కంప్యూటర్‌లో అనుకరించి, దాన్ని వంచి విరిచి చూడడం నా పని. ఆ పటలం గురించి మాట్లాడిన ప్రతిచోటా నాకు ఎదురయ్యే సందేహాలు చాలావరకు ఒకటే. "గట్టిది" అనే మాటను దేనితో పోల్చి అంటున్నామో చూసుకోకపోవడమే వాటికి మూలం.

అపోహ: న్యూట్రాన్ నక్షత్రం ఆసాంతం న్యూట్రాన్ల ముద్ద.

వాస్తవం: సుమారు 12 కిలోమీటర్ల వ్యాసార్ధంలో పైనున్న దాదాపు కిలోమీటరు మందం పటలంలో పరమాణు కేంద్రకాలు ఉంటాయి. పైన ఇనుము, లోతుకు పోయేకొద్దీ న్యూట్రాన్ల పాలు పెరిగిన నికెల్, క్రిప్టాన్ వంటి మూలకాల కేంద్రకాలు కనిపిస్తాయి. సాంద్రత ఘన సెంటీమీటరుకు 43,000 కోట్ల గ్రాములు దాటాక, కేంద్రకాల్లో ఇమడలేని న్యూట్రాన్లు బయటికి వచ్చి వాటి నడుమ ద్రవంలా నిండుతాయి.

అపోహ: అంత వేడిలో స్ఫటికం నిలవదు.

వాస్తవం: కేంద్రకాల మధ్య విద్యుత్ వికర్షణ శక్తి వాటి ఉష్ణశక్తికి సుమారు 175 రెట్లు దాటితే అవి స్ఫటికంగా కుదురుకుంటాయి. ఘన సెంటీమీటరుకు 10,000 కోట్ల గ్రాముల సాంద్రత దగ్గర ఆ స్ఫటికం కరగాలంటే 100 కోట్ల కెల్విన్లకు పైగా వేడి కావాలి. పుట్టి చాలాకాలమైన నక్షత్రపు పటలం అంతకన్నా ఎంతో చల్లగా ఉంటుంది. 10 కోట్ల కెల్విన్లను "చల్లన" అనడం మా వాళ్లకు అలవాటైపోయింది.

అపోహ: అది వజ్రం లాంటిది, కాకపోతే బంధాలు మరింత బలమైనవి.

వాస్తవం: అక్కడ రసాయన బంధాలే ఉండవు. ఎలక్ట్రాన్లు ఏ కేంద్రకానికీ చెందకుండా అంతటా దాదాపు సమంగా పరుచుకుని ఉండగా, ఒకదాన్నొకటి నెట్టుకునే ధనావేశ కేంద్రకాలు, ఎటూ పారిపోయే చోటు లేక, ఉన్నంతలో శక్తి తక్కువైన అమరికలో సర్దుకుంటాయి: ఘనం ఎనిమిది మూలల్లోనూ నట్టనడుమా ఒక్కొక్కటి. పైన చెప్పిన సాంద్రత దగ్గర వాటి మధ్య దూరం 100 ఫెమ్టోమీటర్ల (ఒక ఫెమ్టోమీటరు మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు) చుట్టుపక్కల ఉంటుంది, అంటే మామూలు లోహంలో పరమాణువుల ఎడంలో వెయ్యో వంతు కన్నా కూడా తక్కువ. గట్టిదనమంతా ఈ దగ్గరితనం నుంచే వస్తుంది.

2009లో భౌతిక శాస్త్రవేత్తలు హోరోవిట్జ్, కడావు చేసిన అనుకరణల్లో ఈ స్ఫటికం సుమారు 0.1 వికృతి వరకు తట్టుకుంది. పది గళ్ల ఎత్తున్న పెట్టెలో పైపొరను ఒక గడి పక్కకు జరిపితే వచ్చే వంపు అది. తెరమీద ప్రతిబలం (వంపును ఎదిరించే బలం) గీత నిటారుగా ఎక్కుతూ పోయి, అక్కడికి చేరగానే ఒక్కసారిగా కూలిపోతుంది. ఉక్కులోలాగా ముందు చిన్న పగులు పుట్టి, అది పాకడం కనిపించదు; ఎందుకంటే ఖాళీ ఏర్పడే సందు పీడనం ఇవ్వదు.

అపోహ: ఉక్కుకన్నా వెయ్యి కోట్ల రెట్లు గట్టిది కనుక దానిమీద కొండలు నిలుస్తాయి.

వాస్తవం: ఆ అంకె పత్రికలకు బాగుంటుంది గాని, నాకు నచ్చదు. సాంద్రత వెయ్యి రెట్లు పెరిగితే దృఢత్వం సుమారు పదివేల రెట్లు పెరిగే పదార్థానికి, ఏ లోతులో అన్నది చెప్పకుండా ఒకే నిష్పత్తి అంటగట్టడం కుదరదు. అసలు పోల్చవలసింది దాని సొంత పీడనంతో. దృఢతా గుణకం, అంటే పక్కకు వంచితే ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలత, ఆ పీడనంలో కొద్ది శాతాలే. నలపబోతే ఉక్కును మించి ఎదిరించే ఈ పదార్థం, తనమీది బరువు ముందు జున్నులాంటిది. అందుకే అక్కడి "కొండ" ఎత్తు మహా అయితే కొన్ని సెంటీమీటర్లు, ఇటీవలి లెక్కల ప్రకారం ఇంకా తక్కువే. అలాంటి ఎగుడు ఉన్న నక్షత్రం తిరుగుతూ నిరంతరంగా గురుత్వ తరంగాలు వెలువరించాలి. గురుత్వ తరంగాలను పట్టే లైగో, వర్గో పరికరాల పరిశీలకులు వాటికోసం వెతుకుతున్నారు, రూఢిగా ఇంకా దొరకలేదు.

అపోహ: పల్సర్ (తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రం) వేగం హఠాత్తుగా పెరిగితే పటలం పగిలినట్టే.

వాస్తవం: 1969లో వీలా పల్సర్ భ్రమణం పదిలక్షల్లో సుమారు రెండు వంతులు ఒక్కసారిగా పెరిగినప్పుడు నక్షత్ర కంపమే (పటలం పగలడమే) కారణమన్న ఊహ సహజంగా వచ్చింది. కానీ వీలా సగటున మూడేళ్లకోసారి ఇలా దూకుతోంది. పటలం పగిలి నక్షత్రం కొంచెం గుండ్రబడడం వల్ల అంత పెద్ద మార్పు అంత తరచుగా రాదు. లోపలి న్యూట్రాన్ అతిద్రవంలోని (ఘర్షణ లేకుండా పారే ద్రవంలోని) సుడులు పటలపు కేంద్రకాలకు పట్టుకుని ఉండి, పట్టు తప్పినప్పుడు దాచుకున్న భ్రమణాన్ని పటలానికి అందిస్తాయన్న వివరణే ఇప్పుడు ఎక్కువ మంది అంగీకరించేది. ఇక్కడ పటలం విరగదు, పట్టు మాత్రం ఇస్తుంది.