విదేశాల నుంచి కారు పార్టు తెప్పిస్తే డ్యూటీ ఎంత? ఆటోనగర్‌లో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మాది స్పేర్ల దుకాణం. వారానికి ఒక్కరైనా ఫోన్ చూపించి అడుగుతారు: "బాబాయ్, ఇందులో 20 వేలే కదా ఉంది, నువ్వు 35 వేలంటావేంటి?" అడిగేవాళ్ల తప్పేమీ లేదు. వెబ్‌సైట్‌లో కనిపించేది అక్కడి ధర. కస్టమ్స్ లెక్క వేసేది పార్టు మన దేశానికి చేరేసరికి ఎంతయిందనే దాని మీద. ఆ తేడా ఆర్డర్ పెట్టాక తెలిస్తే చాలా బాధగా ఉంటుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: "డ్యూటీ 15, జీఎస్టీ 18, కలిపి 33 శాతం. అంతే కదా?"

కాదు. బంపర్, గేర్‌బాక్స్, క్లచ్, రేడియేటర్, షాక్ అబ్జార్బర్ లాంటివి కస్టమ్స్ రేట్ల పట్టికలో (టారిఫ్) 87.08 అనే శీర్షిక కింద వస్తాయి. నేను ఇది రాసేనాటికి వీటి మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 15 శాతం. 2018 నుంచి ఆ డ్యూటీ మొత్తం మీద మరో 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి పడుతోంది. ఈ రెండూ కలిపిన ధర మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ వేస్తారు. అంటే పన్ను మీద పన్ను.

మన 20 వేల పార్టునే దుకాణం కోసం తెప్పించామనుకుని లెక్క కడదాం. విమానంలో తెచ్చినందుకు కొరియర్ వాళ్లు 6,000 తీసుకున్నారనుకోండి. విమాన రవాణా ఖర్చును సరుకు ధరలో 20 శాతానికి మించి లెక్కలోకి తీసుకోరు కాబట్టి 4,000 మాత్రమే కలుస్తుంది. ఇన్సూరెన్స్ కాగితం లేకపోతే 1.125 శాతం, అంటే 225 కలుపుతారు. మొత్తం 24,225. దీని మీద డ్యూటీ 3,634, సర్‌చార్జి 363. ఇప్పుడు ధర 28,222 అయింది. దాని మీద 18 శాతం అంటే 5,080. అన్నీ కలిపి పన్ను 9,077. 24,225 మీద శాతంలో చెప్పాలంటే 37.47. పార్టు, రవాణాకు నిజంగా ఇచ్చిన 6,000, పన్ను కలిపితే 35,077 రూపాయలు (ఆ 225 లెక్క కోసం కలిపిందే). కొరియర్ వాళ్ల క్లియరెన్స్ చార్జీలు దీనికి అదనం.

డాలరు రేటు కూడా మీ కార్డు బ్యాంకు వేసింది కాదు, కస్టమ్స్ ప్రకటించిన రేటు తీసుకుంటారు. పాత వీడియోల్లో 28 శాతం జీఎస్టీ లెక్క చూసి కంగారు పడకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాలన్నిటికీ 18 శాతమే.

అపోహ: "కారుకి బిగించేదేదైనా కారు పార్టే, రేటు ఒకటే."

మా వ్యాపారంలో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. కస్టమ్స్ టారిఫ్‌లో వస్తువు ఏమిటన్నది ముఖ్యం, ఎక్కడ బిగిస్తారన్నది తర్వాత. పిస్టన్ 84.09లోకి వెళ్తుంది. టర్బోచార్జర్ అయితే గాలి పంపులు, కంప్రెసర్లతో పాటు 84.14లో ఉంటుంది. బేరింగ్ 84.82, హెడ్‌లైట్ 85.12, ముందు అద్దం 70.07, సీటు 94.01, రబ్బరు బెల్టు 40.10. శీర్షిక మారితే రేటు మారవచ్చు, షరతులూ మారవచ్చు. టైర్లయితే 2020 జూన్ నుంచి దిగుమతికి ఆంక్షలే ఉన్నాయి. ఇన్వాయిస్‌లో "కార్ పార్ట్స్" అని ఒక్క ముక్క రాయించుకోకండి. పార్టు పేరు, నంబరు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (ఏ శీర్షిక కిందికి వస్తుందో చెప్పే అంకె) వేటికవి రాసి పంపమని అమ్మేవాణ్ని ముందే అడగండి.

సొంత వాడకానికి పోస్టులో గానీ విమానంలో గానీ తెప్పించుకునే వస్తువులకు 98.04 అని వేరే శీర్షిక, వేరే రేటు ఉన్నాయి. పైన కట్టిన లెక్క దానికి వర్తించదు.

అపోహ: "దుబాయ్‌తో ఒప్పందం ఉందిగా, అక్కడ కొంటే డ్యూటీ ఉండదు."

యూఏఈతో మన వాణిజ్య ఒప్పందం 2022 మే 1న అమల్లోకి వచ్చిన మాట నిజం. కానీ రాయితీ వస్తువు పుట్టిన దేశానికి, కొన్న ఊరికి కాదు. గుంటూరు నుంచి ఒకాయన పాత పజేరోకి దుబాయ్‌లో పార్టు కొని, రాయితీ వస్తుందని ధైర్యంగా కూర్చున్నారు. పెట్టె మీద జపాన్ తయారీ అని ఉంది. యూఏఈ రాయితీ రాలేదు. జపాన్‌తో మనకు 2011 ఆగస్టు నుంచి ఒప్పందం ఉంది, దాని కింద అడుగుదామంటే వస్తువు ఆ దేశంలో తయారైందని అక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ చేతిలో లేదు. దుబాయ్ చిల్లర దుకాణదారుడు ఆ కాగితం ఎక్కణ్నుంచి తెస్తాడు? పూర్తి డ్యూటీ కట్టారాయన. 2020 సెప్టెంబర్ నుంచి సర్టిఫికెట్ ఒక్కటే ఉన్నా చాలదు, ఆ వస్తువు నిజంగా ఆ దేశంలో ఎలా తయారైందో వివరాలు దిగుమతిదారు దగ్గర ఉండాలి.

అపోహ: "మా అబ్బాయి అమెరికా నుంచి గిఫ్ట్ అని రాసి పంపుతాడు."

మన వైపు ఇంటికొకరు అక్కడ ఉన్నారు కాబట్టి ఈ మాట తరచూ వింటాను. 5,000 రూపాయల లోపు గిఫ్టులకు ఉన్న వెసులుబాటును 2019 డిసెంబర్‌లో తీసేశారు. రాఖీలు, ప్రాణం నిలిపే మందులు మాత్రం మిగిలాయి. "800 డాలర్ల దాకా పన్ను లేదు" అన్నది అమెరికాలోకి వెళ్లే సరుకు సంగతి, అదీ 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. 300 డాలర్ల పార్టుకి 40 డాలర్లని రాయిస్తే కస్టమ్స్ వాళ్లు ఆ ధరను తోసిపుచ్చి తామే విలువ కట్టవచ్చు, సరుకు జప్తు చేయవచ్చు, జరిమానా వేయవచ్చు. దయచేసి పిల్లల చేత అలా రాయించకండి.

ట్రంప్ టారిఫ్ వల్ల మన డ్యూటీ పెరిగిందా అనీ అడుగుతున్నారు. 2025 మే 3 నుంచి కారు విడిభాగాల మీద వేసిన 25 శాతం అమెరికా రేవుల్లో, అమెరికా దిగుమతిదారు కట్టేది. మనం ఇక్కడ కట్టేది మన టారిఫ్ ప్రకారమే.

అపోహ: "పన్నంతా ఖర్చే."

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న గ్యారేజీ సోదరులు ఇది గమనించాలి. ఐజీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా తిరిగి వస్తుంది. పై లెక్కలో 5,080 వెనక్కి వచ్చినట్టే. కానీ బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రంలో మీ జీఎస్టీ నంబర్ ఉండాలి. తొందరలో ఓనర్ ఆధార్ ఇచ్చి సొంత పేరున సరుకు విడిపించుకుంటే ఆ క్రెడిట్ పోయినట్టే. కాంపోజిషన్ స్కీంలో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు ఎలాగూ రాదు. డ్యూటీ, సర్‌చార్జి మాత్రం ఎవరికైనా ఖర్చే.

సెకండ్ హ్యాండ్ ఇంజన్లు, గేర్‌బాక్సుల గురించి ఒక్క మాట. వాడిన పార్టుల దిగుమతికి డీజీఎఫ్‌టీ (కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం) అనుమతి కావాలి. డ్యూటీ కట్టేస్తాం కదా అంటే కుదరదు.

అపోహ: "పార్టు సరిపోకపోతే తిప్పి పంపేస్తాం, డ్యూటీ ఇచ్చేస్తారు."

చట్టంలో దారి ఉంది. లోపం ఉన్నా, చెప్పిన స్పెసిఫికేషన్‌కు తగ్గట్టు లేకపోయినా, వాడకుండా 30 రోజుల్లోగా తిరిగి ఎగుమతి చేస్తే రీఫండ్ అడగవచ్చు. కానీ పార్టు పొరపాటున ఎంచుకున్నది మీరే అయితే అది లోపం కాదు. అప్పుడు రెండేళ్లలోపు వెనక్కి పంపి డ్రాబ్యాక్ (తిరిగి ఎగుమతి చేసిన సరుకుపై డ్యూటీ వాపసు) కింద 98 శాతం అడిగే పద్ధతి వేరే ఉంది. దానికి ఎగుమతి కాగితాలు, ఏజెంట్ ఖర్చు, తిరుగు రవాణా అన్నీ మీవే. 20 వేల పార్టుకి గిట్టుబాటు కాదు. పైగా లోపం కనిపెట్టడానికి తప్పనిసరైనంతకు మించి వాడితే మొదటి దారి మూసుకుపోతుంది. అందుకే మేం ఆర్డర్ పెట్టేముందు ఆర్‌సీ, ఛాసిస్ నంబర్ ఫొటో అడుగుతాం. విప్పిన పాత పార్టు మీది నంబరు కూడా చూశాకే డబ్బు పంపుతాం.