గ్రహణం వల్ల కాదు పిల్లలూ

ప్రియమైన పిల్లలకు,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు "మామయ్య కళ్ళు చిన్నప్పుడు తెల్లగా ఎందుకుండేవి నానమ్మా?" అని అడిగారు. పక్కనే అమ్మమ్మ ఉందని మాట దాటేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

మామయ్య పుట్టేసరికే రెండు నల్లగుడ్లూ ఆవిరి పట్టిన అద్దంలా ఉన్నాయి. కడుపుతో ఉండి గ్రహణం రోజు అమ్మమ్మ బయట తిరిగిందని, అందుకే బిడ్డ కళ్ళలో పువ్వు పూసిందని ఊరంతా అంది. మన ఇంట్లో వాళ్ళూ అన్నారు. అప్పుడు నేను నోరు విప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

కంటి ముందు అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. మందం సుమారు అర మిల్లీమీటరు. దాని లోపలివైపు ఒకే ఒక్క వరస కణాలుంటాయి. కార్నియాలోకి ఊరే నీటిని అవి ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తాయి, అందుకే అది తేటగా ఉంటుంది. ఆ పనికి కావలసిన ఒక ప్రొటీన్ ఎలా తయారవ్వాలో ఎస్‌ఎల్‌సీ4ఏ11 అనే జన్యువులో రాసి ఉంటుంది. ఆ రాతలో ఒక్క అక్షరం మారినా చాలు, ఒక్కోసారి ప్రొటీన్ పనికిరాకుండా పోతుంది. నీళ్ళు నిలిచి కార్నియా ఉబ్బి మసకబారుతుంది. మామయ్యకు వచ్చిన జబ్బుకు ఈ జన్యువే కారణమని 2006లో గానీ తెలియలేదు. తర్వాత హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు మన వైపు కుటుంబాలను పరీక్షించి, ఇదే జన్యువులో రకరకాల తప్పులు కనుక్కున్నారు.

దాదాపు ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది, సాధారణంగా కళ్ళు మామూలుగానే ఉంటాయి. రెండూ చెడినవే వస్తేనే ఈ జబ్బు. మా తమ్ముడు, అంటే మామయ్య నాన్న, మా మేనమామ కూతురినే, అంటే మీ అమ్మమ్మనే చేసుకున్నాడు కదా. మా అమ్మమ్మకో తాతయ్యకో ఉన్న తప్పు అటు మా అమ్మ ద్వారా తమ్ముడికి, ఇటు మేనమామ ద్వారా మీ అమ్మమ్మకు చేరి ఉంటుంది. ఇద్దరూ సమానంగా ఇచ్చారు. మాటలు మాత్రం ఆమె ఒక్కతే పడింది!

ఇలా ఇద్దరిలోనూ చెడిన ప్రతి ఒక్కొక్కటి ఉన్న జంటకు పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని అనుకోకండి. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. మేనరికం లేని ఇళ్ళలోనూ ఇది రావచ్చు, మేనరికంలో అవకాశం పెరుగుతుంది.

మామయ్యకు ఎవరో దానం చేసిన కార్నియా పెట్టారు, చూపు వచ్చింది. ఆపరేషన్ కంటిని మార్చింది గానీ జన్యువును మార్చలేదు. ఆ చెడిన ప్రతి నాలోనూ ఉండొచ్చు, మీ నాన్నలోనూ, మీలోనూ. టెన్షన్ పడకండి, చెడినది ఒక్క ప్రతే అయితే సాధారణంగా మీ చూపుకేమీ కాదు. కానీ పెళ్ళి మాటలప్పుడు ఈ సంగతి దాచకండి. మామయ్య రక్తపరీక్ష కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. ఏ తప్పు కోసం వెతకాలో డాక్టరుకు వాటిని చూస్తే తెలుస్తుంది.

సంక్రాంతికి అమ్మమ్మ వస్తోంది. ఒక కాగితం మీద అటు మా అమ్మను, ఇటు మేనమామను గీసి, తప్పు ఎలా దిగిందో ఆమెకు మీరే చూపించండి. నేను పక్కన కూర్చుంటాను.

మీ నానమ్మ